తీసేముందు అడిగే పైడిరాజు మాస్టారు

మొన్న మంగళవారం ఉదయం పైడిరాజు మాస్టారు ఇహలోకయాత్ర చాలించారన్న వార్త నా చెవిన పడే వేళకు నేను ఆయన్నే ఒక ప్రశ్న అడగబోతున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే రక్తనిధిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. రక్తపు సంచులు దాచే ఫ్రిజ్‌లు మూడున్నాయి అక్కడ. వాటి చల్లదనం తప్పితే వెంటనే ఎవరికో ఒకరికి ఫోను చేసి లేపే చిన్న ప్రోగ్రాము మాస్టారు రాసిందే. మా ఆఫీసులో దాన్ని ‘కాపలా’ అంటాం. ఆ కాపలాకి కొత్త వెర్షన్ ఎక్కించాను. అంతా సవ్యంగా సాగింది. చివర్లో మాత్రం తెరమీద నేను ఊహించని వాక్యం ఒకటి కనిపించింది. ఈ పాత ఫైలుకి కాలం చెల్లింది, కానీ దీన్ని ఎవరో చేత్తో మార్చారు, అందుకని తీసెయ్యకుండా వేరే పేరుతో పక్కన దాచాను అని దాని సారాంశం.

ఎవరు మార్చారు? ఎందుకు మార్చారు? మాస్టారిని అడుగుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. అది నా చేతిలోనే మోగింది. బిర్సానగర్ నుంచి అమ్మ. "ఒలమ్మా పద్మా, మీ పైడిరాజు మాస్టారు పోనారంటే! పొద్దున్న జోళ్ళేసుకుంతా అలగే కుర్సీలోనే ఒరిగిపోనారంట. బేగెల్లు, పిన్నిగారొక్కర్తే ఉన్నాది" అంది. పిన్నిగారంటే మాస్టారి భార్య. తెరమీది వాక్యాన్ని తెరమీదే వదిలేసి మాస్టారి ఇల్లున్న కద్మా వెళ్ళే ఆటో ఎక్కేశాను. ఆ తొందరలో నేను చేసిన పని, చెయ్యని పని ఈ వ్యాసంలో చెప్పుకోక తప్పదు. అది చెప్పకుండా ఆ మహనీయుడి గురించి ఏం రాసినా సగమే అవుతుంది.

హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరి తెలుగువారిలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువే. కానీ ఎరిగినవాళ్ళలో ఆయన చేసే పనేమిటో తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. సాక్చిలో మేడమెట్ల కింద మా ఆఫీసు. ఆస్పత్రులకి, బడులకి, చిన్న కార్ఖానాలకి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో నడిచే కంప్యూటర్లు పెట్టి వాటి బాగోగులు చూసే నలుగురం. అందులో పెద్దాయన ఆయన. పేరుకి ఇంజినీరు, పిలుపుకి మాస్టారు. ఆయన ఎన్నడూ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా దగ్గర కూర్చున్నవాడికి ఏదో ఒకటి నేర్పకుండా లేవనిచ్చేవారు కారు, అందుకని ఆ పేరు నిలిచిపోయింది. చామనఛాయ, సన్నని మనిషి, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, నోట్లో యాలక్కాయ. కోపం ముదిరితే హిందీ, ప్రేమ వస్తే శ్రీకాకుళం.

ఆయన జీవితమంతా ఒకే భయం చుట్టూ తిరిగిందని నాకనిపిస్తుంది. అక్కర్లేదనుకుని తీసేసినదాంట్లో ఎవరికో కావలసినది పోతుందేమోనన్న భయం. ఆ భయాన్నే ఆయన విద్యగా మలుచుకున్నారు. మీలో చాలామందికి ఈ సంగతులు కొత్త కాబట్టి ఆయన నాకు చెప్పినట్టే చెబుతాను. ఒక ప్రోగ్రాము ప్యాకేజీగా కంప్యూటర్లోకి వచ్చినప్పుడు తనతో కొన్ని సెట్టింగుల ఫైళ్ళు తెచ్చుకుంటుంది. అక్కడి మనుషులు తమ అవసరాన్ని బట్టి వాటిని చేత్తో మార్చుకుంటారు. ఏళ్ళు గడుస్తాయి. కొత్త వెర్షన్ వస్తుంది. దానికి ఆ పాత ఫైళ్ళలో కొన్నిటితో పని ఉండదు. అవి అక్కడే పడుంటే కొన్ని ప్రోగ్రాములు వాటినింకా చదువుతూ పాతపాట పాడతాయి. గుడ్డిగా తీసేస్తే ఎవరో కష్టపడి రాసుకున్నది మట్టిలో కలుస్తుంది. ఉంచినా ముప్పే, తీసినా ముప్పే.

దీనికి ఆయన చెప్పే ఉదాహరణ ఉక్కు కంపెనీ వారి అగ్రికో క్వార్టర్లది. మాస్టారి తండ్రిగారు అక్కడ క్వార్టర్లకి వడ్రంగిపని చేసేవారు. రిటైరైన కుటుంబం ఇల్లు ఖాళీ చేసే రోజున లిస్టు పట్టుకుని వెళ్ళి, తలుపులు, కిటికీలు, అల్మారాలు సరిచూసి అప్పజెప్పించుకోవడం ఆయన డ్యూటీ. ఒకసారి ఒక ఇంట్లో లిస్టులో లేని చెక్క గోడకుంటే, ఏదో పాతదిలే అని ఆయన పెరికేశారట. అది ఆ ఇంటి ముసలమ్మ దేవుణ్ణి పెట్టుకున్న చెక్క. పసుపు బొట్లింకా ఆరనేలేదు. ఆవిడ తిట్టలేదట, ఏడవలేదట. నేలమీద పడ్డ చెక్కని కొంగుతో తుడుస్తూ కూర్చుందట. తండ్రిగారు ఆ చెక్కని భుజానవేసుకుని స్టేషను దాకా మోసి, రైల్లో ఆవిడ పక్కన పెట్టి వచ్చారట. అప్పట్నుంచి ఏ ఇంట్లో ఏ మేకు తియ్యాలన్నా "అమ్మా, ఇది కంపెనీదా, మీదా?" అని అడక్కుండా ముట్టుకోలేదట.

"మనం సేసేదీ అదే ఉద్యోగమమ్మా" అనేవారు మాస్టారు. "పేకేజీ తెచ్చింది తెచ్చినట్టే ఉంటే అది కంపెనీది, తీసీ. ఆడు సెయ్యెట్టి మార్సుకున్నాడనుకో, అది ఆడిది. పక్కన పెట్టు, పేరు మార్సి పెట్టు, గానీ పారీకు. తెలీకపోతే అడుగు. అడగడానికి సిగ్గేటి?"

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాటలు నాకు చాదస్తంలా తోచేవి. ఒక ప్యాకేజీకి కొత్త వెర్షన్ తయారుచెయ్యమన్నారు. అక్కర్లేని పాత ఫైలు ఒకటుంది. ఎక్కించగానే దాన్ని చెరిపేసేలా, కంప్యూటరుకి ఆదేశాలిచ్చే స్క్రిప్టులో ఒక్క ముక్క రాసి, ఎంత పొందిగ్గా రాశానో అనుకుంటూ చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి చదివారు. మొహం మాడిపోయింది. "ఏటమ్మా ఇది? ఇలగ కొట్టీసినావేటి? ఆడు సేత్తో రాసుకున్నదుంటే ఏటవుద్ది? నువ్వెల్లి మళ్ళీ రాత్తావా? ఆడేటి రాసుకున్నాడో నీకు తెలుసా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన అది చూసి కంగారుపడి, లేచి వెళ్ళి తానే రెండు టీలు తెచ్చి, పక్కన కూర్చుని సాయంత్రం దాకా నేర్పారు. ముందు ఆ ఫైలుని ప్యాకేజీ తెచ్చిన అసలు ప్రతితో పోల్చి చూడాలి. మార్పు లేకపోతే పక్కకి జరిపి ఉంచాలి. కొత్త వెర్షన్ పూర్తిగా కుదురుకున్నాకే చెరపాలి. మధ్యలో ఏదైనా తప్పితే దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టేయాలి. లినక్స్‌లో దీనికి సిద్ధంగా ఉన్న పనిముట్టు ఉందనీ, దాన్ని ముందొకచోట, తర్వాత ఒకచోట, విఫలమైనప్పుడు ఇంకొకచోట, మూడుచోట్లా పిలవాలనీ, ఒక్కచోట మరిచినా పని చెడుతుందనీ ఆ రోజే తెలిసింది.

ఆ ‘యథాస్థానం’ విలువ బిర్సానగర్ బడిలో అనుభవమైంది. పరీక్షల ముందు అప్‌గ్రేడ్ చేస్తుంటే డిస్కులో చోటు చాలక మధ్యలో ఆగిపోయింది. హెడ్మాస్టరుగారు నా వెనకే నిలబడ్డారు. చూస్తే పక్కకి జరిపిన పాత ఫైలు తనంతట తానే వెనక్కొచ్చి కూర్చుంది. పాత వెర్షన్ ఏమీ జరగనట్టు నడుస్తోంది. పరుగున వచ్చి మాస్టారికి చెబితే పొంగిపోలేదు. "మరి రాకపోతే ఎలగ? పంపినప్పుడే తోవ సూపించి పంపినాం కదా" అని యాలక్కాయ నోట్లో వేసుకున్నారు.

ఇంకో సంగతి. నాకు ఇల్లు ఊడ్చినట్టు కోడ్ ఊడ్చే జబ్బుంది. ఒకసారి, ఆ పాత ఫైలుని మనం తీసేసి రెండేళ్ళైంది కదా, దాన్ని తీసే వరుసలింకా స్క్రిప్టుల్లో ఎందుకని అవీ ఊడ్చేశాను. మాస్టారు వాటిని తిరిగి పెట్టి, నన్ను బస్సెక్కించి ఘాట్‌శిల తీసుకెళ్ళారు. అక్కడ ఒక క్లినిక్కులో మూలన గుడ్డ కప్పిన కంప్యూటరు ఉంది. రెండేళ్ళుగా దాన్ని ఎవరూ వెలిగించలేదు. వెలిగిస్తే మా ప్యాకేజీ ఎప్పటిదో పాతది, ఆ ఫైలు ఇంకా అందులో భద్రంగా ఉంది. "ఇదిగో, ఈడి కోసమమ్మా ఆ వరుసలు. అందరూ ఒకేసారి రారు. ఎనకాలొచ్చేవోడు ఒకడుంతాడు" అన్నారు. ఆ రోజు నుంచి నా బుర్రలో ఒక మూల ఎప్పుడూ గుబులే. ఈ ఊళ్ళో, చుట్టుపక్కల, మేం మరిచిపోయిన కంప్యూటర్లు ఎన్ని మూలల్లో గుడ్డలు కప్పుకుని ఉన్నాయోనని. ఇప్పుడా గుబులుని పంచుకునే మనిషి కూడా లేకపోయాడు.

ఆయనకి ఇంకో అలవాటుంది, దాన్ని మేం ఎంత వెక్కిరించామో చెప్పలేను. తను ఏ సెట్టింగు మార్చినా, ఆ వరుసపైన కారణం రాసి, కింద ‘పై.రా.’ అని పొడి అక్షరాలు పెట్టేవారు. ఇంట్లోనూ అంతే. కద్మాలో వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు స్విచ్చిబోర్డు మీద ‘ఇది వెయ్యవద్దు, గీజరు కారుతోంది, పై.రా.’ అని చీటీ. పప్పుడబ్బా మీద ‘ఇందులో పంచదార ఉంది, చీమల బాధ, పై.రా.’ అని ఇంకోటి. సత్యవతి పిన్నిగారు పకపకా నవ్వి, "నాకూ ఒక సీటీ అంటించమన్నానమ్మా, ఎందుకు తెచ్చుకున్నారో తెలుత్తాదని" అంది. మాస్టారు సిగ్గుపడి పేపరు అడ్డం పెట్టుకున్నారు. మనవరాలు "నానాజీ, మేరీ పానీ కీ బోతల్ పే భీ లగా దీజియే" అని తన నీళ్ళ సీసాకీ ఒక చీటీ అంటించమని హిందీలో అడిగితే, "తెలుగులో అడిగితే అంటిత్తాను" అని బేరం పెట్టారు. ఆ పిల్ల అడగలేదు. ఆయన అంటించారు.

ఈ అలవాటే మమ్మల్ని చెడగొట్టింది. ఆయన చెప్పింది, ప్రతి ఫైలునీ అసలు ప్రతితో పోల్చమని. మేం చేసేది, ‘పై.రా.’ ఉందా లేదా అని చూడటం. ఉంటే మార్చినట్టు, లేకపోతే లేనట్టు. ఎన్నో ఏళ్ళు ఈ అడ్డదోవ మమ్మల్ని ఎక్కడా పడెయ్యలేదు, ఎందుకంటే మార్చే మనిషి ఆయనే, ఆయన రాయకుండా మార్చరు. మొన్న మంగళవారం రక్తనిధిలో కూడా నేను చేసింది అదే. పాత ఫైలు తెరిచాను, కిందికీ పైకీ చూశాను, పొడి అక్షరాలు లేవు. సరే, ఎవరూ ముట్టుకోలేదని కొత్త వెర్షన్ ఎక్కించేశాను. అంకెలు చదవనైనా లేదు. ఆయనకి తెలిస్తే ఆ రోజు టీ కూడా తెచ్చేవారు కారు.

ఇక కద్మా ఇంటి సంగతి. వాకిట్లో మనుషులు. మాస్టారు చాపమీద, ఎప్పటి సన్నపాటి మొహమే. ఒక కాలికి జోడు ఎవరూ విప్పలేదు. నేనే విప్పాను. మధ్యాహ్నం మగవాళ్ళంతా నదిగట్టుకి తీసుకెళ్ళారు. ఆఫీసుకి తాళం వేసి, నాతో పనిచేసే గణేష్, ఇంకో ఆయనా కూడా వెళ్ళారు. నేను పిన్నిగారి చెయ్యి పట్టుకుని గోడవారన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. దానిబదులు ఆ తెరమీది వాక్యం వచ్చింది. ఎవరో చేత్తో మార్చారు. ఏ ఫైలది? ప్రమాదం వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పే ఫైలు. దాన్నిప్పుడు పక్కన పెట్టేసింది. అంటే కాపలా కొత్త ఫైలునే చదువుతుంది. కొత్త ఫైలులో మామూలుగా ఉండేది మా ఆఫీసు నంబరు. ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఫోను వంతులవారీగా మా ముగ్గురిలో ఒకరి సెల్లుకి మళ్ళాలి. ఆఫీసు మూసి తాళం వేసి ఉంది. ఆ రోజు ఫోను ఎవరు మళ్ళించారు?

లేచి పెరట్లోకి వెళ్ళి గణేష్‌కి ఫోను చేశాను. "ఒరే, ఆఫీసు ఫోను నీకు పెట్టావా?" అన్నాను. వెనక మంత్రాలు వినిపిస్తున్నాయి. గొంతు తగ్గించి, "దీదీ, మైనే నహీ కియా. మైనే సోచా ఆప్‌నే కర్ దియా" అన్నాడు. తను చెయ్యలేదట, నేను చేశాననుకున్నాడట. ఆ క్షణంలో ఒక ఫ్రిజ్ ఆగిపోతే ఆ ఫోను సాక్చిలో ఖాళీ గదిలో మోగుతుంది. ఎంతసేపు మోగినా వినేవాడు లేడు. ఆ సంచుల్లో ఎవరి ప్రాణానికి పనికొచ్చే రక్తం ఉందో నాకు తెలీదు. ఎండ చూస్తే నిప్పులు కురుస్తోంది.

లోపలికొచ్చి పిన్నిగారి చెవిలో "ఇప్పుడే వస్తాను" అన్నాను. ఆవిడ తల ఊపింది, విన్నదో లేదో. గుమ్మం దాటుతుంటే ఒక పెద్దావిడ అందరికీ వినబడేలా, "ఇదేటిది, మడిసి పోయిన ఇంట్లోంచి ఇలగ లెగిసిపోతాది? పని దానికొక్కర్తికేనా ఉన్నాది?" అంది. ఆవిడ అన్నది న్యాయమే. ఆగకుండా ఆటో ఎక్కాను.

రక్తనిధిలో వాచ్‌మన్ మహతో తలుపు దగ్గరే ఎదురయ్యాడు. మూడు ఫ్రిజ్‌ల అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు తెరిచాను ఆ పక్కన పెట్టిన ఫైలు. ఫోను చెయ్యవలసిన నంబరు దగ్గర మా ఆఫీసుది లేదు. పది అంకెలు. వాటిని నేను ఫోనులో వెతుక్కోవలసిన పని లేదు. అవి మాస్టారి సొంత సెల్లువి.

మహతోని అడిగాను. ముందు చెప్పనన్నాడు. ఆయన పోయారని తెలిసినవాడే కాబట్టి చివరికి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. మూడేళ్ళ కిందట ఒక పండగ రోజున రెండో ఫ్రిజ్ ఆగిపోతే, మా ఆఫీసు ఫోను మోగి మోగి ఊరుకుందట. ఎవరి వంతో, ఎవరు మళ్ళించడం మరిచారో. మహతో సైకిలు మీద కద్మా పరిగెత్తి మాస్టారిని తెచ్చాడట. సంచులన్నీ పక్క ఫ్రిజ్‌లోకి సర్ది, ఆయన అక్కడే కూర్చుని నంబరు మార్చేశారట. "సర్ నే బోలా, కిసీ కో మత్ బతానా. బచ్చే లోగ్ హై, దిన్ భర్ దౌడ్‌తే హై, సోనే దో" అన్నాడు మహతో. ఎవరికీ చెప్పకు, పిల్లలు, పగలంతా తిరుగుతారు, పడుకోనీ అన్నారట. ఆ తర్వాత మూడేళ్ళలో ఎన్నిసార్లు మోగిందని అడిగితే, "బహుత్ బార్, దీదీ" అన్నాడు, చాలాసార్లని. కరెంటు పోయినప్పుడల్లా, తలుపు సరిగ్గా పడనప్పుడల్లా ఆయన లేచి, స్కూటరు తీసి వచ్చి, చూసి వెళ్ళేవారట. మర్నాడు పొద్దున్న తొమ్మిదికి మాకంటే ముందే ఆఫీసులో ఉండేవారు.

మేం ఆ మూడేళ్ళూ ఏమనుకున్నామో తెలుసా? రక్తనిధి నుంచి ఒక్క ఫోనూ రావడం లేదు, మన కాపలా ఎంత బ్రహ్మాండంగా ఉందో అని. ఒకసారి ఆ మాట ఆయన ముందే అన్నాను కూడా. ఆయన నవ్వి, "బావుంది కదా మరి" అన్నారు.

నాకప్పుడు కోపం వచ్చింది. దాచుకోను. ఇంతకాలం మాకు నేర్పిన మనిషి, పప్పుడబ్బా మీద కూడా కారణం రాసిన మనిషి, అన్నిటికంటే ముఖ్యమైన ఒక్క వరుస మీద ఏమీ రాయలేదు. రాస్తే మేం చూస్తాం, చూస్తే ఒప్పుకోం, అందుకని రాయలేదు. ఆయన దయ ఆయన నియమాన్ని మింగేసింది. ఆ నిద్రలేని రాత్రులే ఆయన గుండెని తినేశాయేమో, డాక్టరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. కానీ ఆ అనుమానం నన్ను ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ వదల్లేదు, ఇకముందు వదులుతుందనీ అనుకోను. పూజ్యులని కూడా కోప్పడవచ్చునని, కోప్పడుతూనే వాళ్ళ పాదాలకి మొక్కవచ్చునని రక్తనిధి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నాకు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే కొత్త ఫైలులో నా నంబరు పెట్టాను. పైన కారణం రాశాను, కింద నా పొడి అక్షరాలు పెట్టాను. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకోమంటే మహతో పట్టుకున్నాడు. నా సెల్లు మోగింది. ఆయన నంబరున్న పాత ఫైలుని మాత్రం చెరపలేదు. అది ప్యాకేజీ తెచ్చింది కాదు, చేత్తో రాసింది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. మరి ఎవరిని అడగాలి? నాకు తట్టిన మనిషి ఒక్కరే.

నాలుగో రోజున కద్మా వెళ్ళాను. చుట్టాలు భోజనాల దగ్గరున్నారు. పిన్నిగారు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి, కింద నల్లటి చారలు. దిండు పక్కన మాస్టారి సెల్లు, దానికి చార్జరు పెట్టి ఉంది.

"రా అమ్మా, కూకో" అంది. "మొన్న ఎటెల్లిపోనావు? అందరూ అడిగినారు."

"రక్తనిధికి వెళ్ళాను పిన్నీ" అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మాస్టారు తన నంబరు అక్కడ పెట్టారు, ఫ్రిజ్ చెడితే ఫోను ఆయనకే వచ్చేది. నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలకేటి?" అంది, నేనేదో వెర్రిప్రశ్న వేసినట్టు. "మూడేళ్ళై ఆయనతోపాటు నానూ లెగుత్తన్నాను కదా. ఆయన చొక్కా ఏసుకునీలోపల నాను స్కూటరు తాళాలు అందిచ్చీదాన్ని. తిరిగొచ్చేదాకా కూకునుండీదాన్ని." సెల్లు తీసి దాని అద్దాన్ని కొంగుతో తుడిచింది. "ఆయన పోయినకాడ్నుంచీ ఇది తలకాడే ఎట్టుకున్నాను. సౌండు మొత్తం పెంచీమని పిల్లని అడిగినాను. కన్ను మూత్తే ఎక్కడ మోగీసి ఇనపడకుండా పోతాదో అని భయం. మోగితే నీకు సెప్దామని నీ నంబరు ఈ కాయితమ్మీద పెద్దచ్చరాలతో రాయించుకున్నాను. ఆయన లేరని ఆ మిషనుకి తెలీదు కదమ్మా."

నాలుగు రోజులు. ఇంటినిండా మనుషులు, భర్తపోయిన దుఃఖం, దాని మీద ఈ కాపలా. మా ఆఫీసులో చదువుకున్న ముగ్గురం తాళం వేసి వచ్చేశాం. ఈవిడ మాత్రం డ్యూటీ వదల్లేదు.

"పిన్నీ" అన్నాను. "ఇంక అది నీకు మోగదు. నా నంబరు పెట్టాను, తలుపు తెరిచి చూశాను, నాకే మోగింది. మాస్టారిది పాత ఫైలులో ఉంది. అది తీసెయ్యాలా ఉంచాలా అని నిన్ను అడగడానికి వచ్చాను."

నేను చెప్పినదాంట్లో ఏదైనా పొరపాటుందేమోనని వెతుకుతున్నట్టు ఆవిడ నా మొహంకేసి చూసింది.

"నిజంగా సూసినావా? మోగిందా?"

"మోగింది పిన్నీ."

"అయితే తీసీమ్మా" అంది. సెల్లుకి పెట్టిన చార్జరు ఊడదీసి, వైరు జాగ్రత్తగా చుట్టి, రెండూ నా ఒళ్ళో పెట్టింది. తర్వాత చిన్నపిల్ల పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"మరైతే నాను పడుకోవచ్చా?"

పడుకో పిన్నీ అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. నేను దుప్పటి కప్పేలోపే నిద్రపోయింది. బయట వడ్డనల గోల వినిపిస్తోంది. తలుపు దగ్గరగా వేసి, అప్పుడు ఏడ్చాను.

ఆ సాయంత్రమే రక్తనిధికి వెళ్ళి ఆ పాత ఫైలు చెరిపేశాను. అడిగాను, జవాబు వచ్చింది, తీశాను. కాలం చెల్లినదాన్ని తీసే పద్ధతి ఆయన నేర్పినదే. ఆయన్ని మాత్రం ఏ పద్ధతిలో మా మధ్యనుంచి తీసి పక్కన పెట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. మా గురువు, మా పెద్దదిక్కు పైడిరాజు మాస్టారి పుణ్యస్మృతికి సాష్టాంగ ప్రణామం. ఆ ఫ్రిజ్‌ల కోసం ఇప్పుడు మేం ముగ్గురం వంతులు వేసుకున్నాం. ఒక్కవారం తిరగకముందే ముగ్గురికీ నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి.